ఉత్తరం వైపు దీపాలు

స్టెన్‌బ్యెర్గ్,
24 ఆగస్టు 2014

ఆస్తా,

నువ్వు పంపిన పెట్టె మీ అన్నయ్య పుట్టినరోజుకి సరిగ్గా ఒకరోజు ముందు చేరింది. డెబ్భై ఏళ్ల మనిషి, పోస్టు బండి ఆగీ ఆగకముందే గేటు దగ్గరికి పరిగెత్తాడు. పన్నెండు దీపాలు! ఒక్కొక్కటీ కాగితంలోంచి తీసి, తుడిచి, భోజనాల బల్ల మీద వరసగా నిలబెట్టాడు. ఆ రోజంతా నన్ను బల్ల దగ్గర కూచోనివ్వలేదు. నిలబడే రొట్టె తిన్నాను.

పత్రికలో నువ్వు రాసిన వ్యాసం ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. ఎవరొచ్చినా వేలు పెట్టి మరీ చదివి వినిపిస్తున్నాడు. "పదకొండు రకాల సోలార్ దీపాలను రెండు నెలల పాటు ఆరుబయట పెట్టి చూశాను. వాటిలో ఏడాది పొడుగునా నమ్మదగినది ఇదొక్కటే." ఆ "ఇదొక్కటే" దగ్గర ఆయన గొంతు అచ్చం మా చర్చి పాదిరిగారి గొంతైపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. వాటిని ఆయన ముందు తోటలో పెట్టడం లేదు. వెనక తలుపు నుంచి చేపలకు పొగపెట్టే గదికి దిగే ఏడు రాతి మెట్లున్నాయి చూడు, వాటి పక్కన పాతుతున్నాడు. ఆ గది ఇంటికి ఉత్తరాన, ఇసుక దిబ్బ కింద. పడవ అమ్మేశాక ఆయనకి మిగిలిన సముద్రం అదే, రోజూ సాయంత్రం ఒకసారి అక్కడికి దిగకుండా ఉండలేడు. ఇన్నేళ్లూ గోడకున్న బల్బుతో నెట్టుకొచ్చాం. జూన్‌లో వచ్చిన గాలివానకి దాని వైరు తెగిపోయింది. కరెంటు పని చేసే ప్రెబెన్ వచ్చి చూసి, "ఇక్కడ సోలార్ వద్దు లౌరిట్స్. ఇటు ఇంటి నీడ, అటు పైన్ చెట్ల నీడ. ఒక్క మధ్యాహ్నంలో కేబుల్ వేసేస్తాను" అన్నాడు. మీ అన్నయ్య ఏమన్నాడో చెప్పనా? "మా చెల్లెలు రెండు నెలలు పరీక్షించి రాసింది. నువ్వెన్ని నెలలు పరీక్షించావు?" పాపం ప్రెబెన్ కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

నేనూ ప్రెబెన్ మాటే అన్నాను. నా మాట ఈ ఇంట్లో ఎప్పుడు చెల్లింది కనక? అందుకే నిన్నే అడుగుతున్నాను. ఉత్తరం వైపు, నీడలో, డిసెంబర్లో ఇవి వెలుగుతాయా? ఆయనకి కాదు, నాకు రాయి.

మీ వదిన
డాగ్ని


ఓర్‌హూస్,
9 సెప్టెంబరు

వదినా,

అన్నయ్య బల్ల మీద దీపాలు నిలబెట్టిన సంగతి చదివి ఆఫీసులో గట్టిగా నవ్వేశాను. పక్క సీట్లవాళ్లు తలలు తిప్పి చూశారు.

నీ ప్రశ్నకి జవాబు. సోలార్ దీపాలు కొనేవాళ్లు మొదట అందం చూస్తారు. అది తప్పు. పైనున్న ప్యానెల్ ఎంత పెద్దదో చూడాలి. లోపలి బ్యాటరీ పాడైతే మార్చుకునే వీలుందా, వాన నీళ్లు దిగకుండా రబ్బరు అంచు ఉందా, అదీ చూడాలి. వెలుగు కళ్లలో గుచ్చే తెలుపు కాకూడదు, లేత పసుపు కావాలి. మీకు పంపినవాటిలో ఇవన్నీ ఉన్నాయి. మీ సముద్రపు ఉప్పుగాలికి తుప్పు కూడా పట్టవు. చలికాలంలో వెలుగు కాస్త తగ్గుతుంది. మనుషులకే తగ్గుతుంది, దీపాలకి తగ్గదా? కానీ మెట్లు కనబడటానికి సరిపోతుంది. నేను పెట్టి చూశాకే రాశాను. ప్యానెల్ మీద ఇసుక పడితే మెత్తటి గుడ్డతో తుడవమని అన్నయ్యకి చెప్పు.

ప్రెబెన్ మంచివాడే. కానీ కేబుళ్లు వేసి బతికేవాడు సోలార్ దీపాలు బాగుంటాయని ఎందుకంటాడు చెప్పు?

నీకు మొదటినుంచీ అన్నీ అనుమానాలే వదినా. నా పెళ్లికి కూడా వాన పడుతుందని ఎనిమిది గొడుగులు మోసుకొచ్చావు. (పడిందనుకో, అది వేరే సంగతి.)

ప్రేమతో
ఆస్త


స్టెన్‌బ్యెర్గ్,
12 అక్టోబరు

ఆస్తా,

నాకు రాయమన్నాను, నువ్వు నాకే రాశావు. కానీ కవరు మీద నీ చేతిరాత కనబడితే మీ అన్నయ్య ఆగుతాడా? నాకంటే ముందు ఆయనే చదివాడు. గొడుగుల దగ్గర పగలబడి నవ్వాడు. తర్వాత ఆ కాగితం నా ముందు పెట్టి, "ఇంకేమైనా అనుమానాలున్నాయా?" అన్నాడు.

లేవు. దీపాలు వెలుగుతున్నాయి. అందంగానే ఉన్నాయి, అబద్ధమెందుకు? ఇక ఈ విషయం నేను ఎత్తను.

కోళ్లు గుడ్లు పెట్టడం తగ్గించాయి. అడవి గులాబీ పళ్ల జామ్ రెండు సీసాలు పంపుతున్నాను, ఒకటి మీ ఆఫీసువాళ్లకి.

డాగ్ని


స్టెన్‌బ్యెర్గ్,
16 డిసెంబరు

ఆస్తా,

మీ అన్నయ్య పడిపోయాడు. గురువారం, పదకొండో తేదీ. పొగగది నుంచి పైకి వస్తూ మూడో మెట్టు దగ్గర కాలు తప్పాడు. తుంటి ఎముక విరిగింది. సాయంత్రం అయిదు కూడా కాలేదు, అప్పటికే చిమ్మచీకటి. నేను వంటింట్లో ఉన్నాను. నలభై నిమిషాలు ఆ తడి రాళ్ల మీదే పడున్నాడు. నేను వెళ్లి చూసేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి.

తిస్టెడ్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. ఎముక సంగతి బాగానే ఉందట. కానీ చలికి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది, జ్వరం దిగడం లేదు. డాక్టరమ్మ నా కళ్లలోకి చూడకుండా మాట్లాడుతోంది.

"ఎలా పడ్డారు?" అని నర్సు అడిగితే "వయసండీ, కాలు జారింది" అన్నాడు. ఆమె అటు వెళ్లగానే నా చెయ్యి పట్టుకుని, "దీపాల సంగతి ఆస్తకి రాయకు" అన్నాడు.

రాస్తున్నాను. దీపాలు వెలగలేదు.

డాగ్ని


ఓర్‌హూస్,
18 డిసెంబరు

వదినా,

నీ ఉత్తరం అందగానే ఆసుపత్రికి ఫోన్ చేశాను. జ్వరం కాస్త తగ్గిందని చెప్పారు. పత్రిక పని ఇరవై నాలుగు దాకా వదలడానికి వీల్లేదు. పండగ వెళ్లగానే, ఇరవై ఏడున వస్తాను.

దీపాల గురించి రాశావు. ప్యానెళ్లు తుడుస్తున్నారా? మీ ఇసుకకి వారానికోసారైనా తుడవాలి. అడుగున చిన్న స్విచ్ ఉంటుంది, అది ఆఫ్‌లో ఉండిపోయిందేమో చూడు. బ్యాటరీ ఒక్కోసారి పెట్టెలోంచి వచ్చేటప్పుడే లోపంతో వస్తుంది. పన్నెండూ ఒకేసారి వెలగకపోవడం మాత్రం జరగదు. నేను చూసినప్పుడు ఒక్కటీ అలా ఆగలేదు.

అన్నయ్యకి నా ముద్దులు చెప్పు.

ఆస్త


ఓర్‌హూస్,
2 జనవరి 2015

వదినా,

నీ జవాబు కోసం ఆగలేదు. నువ్వు రాస్తావని కూడా అనుకోవడం లేదు. ఇరవై ఏడున ఆసుపత్రి వరండాలో నాకు కాఫీ ఇచ్చినప్పుడు నువ్వు నా ముఖం వైపు చూడలేదు. నేనూ నీ వైపు చూడలేదు. నీకు నా మీద కోపమనుకున్నాను. నా సంగతి వేరు, నేను దొంగని.

నువ్వు కాఫీకి వెళ్లిన ఆ పది నిమిషాల్లో ఏం జరిగిందో నీకు చెప్పాలి. అన్నయ్య ముక్కుకి గొట్టం పెట్టుకుని, ఒక్కో మాటకీ ఆగి ఆగి, "నీ దీపాలు మంచివే ఆస్తా. నేనే చూసుకోకుండా అడుగు వేశాను. మీ వదిన మాట పట్టించుకోకు" అన్నాడు. నేను తలూపాను. అంతే చేశాను వదినా. తలూపి, ఆయన దుప్పటి సర్దాను.

పదకొండు రకాలూ నేను పరీక్షించలేదు. రెండు నెలలూ కాదు. నాకిప్పుడు తోట ఎక్కడుంది? పెళ్లి విడిపోయి ఇల్లు అమ్మేశాక మూడో అంతస్తులో ఒక బాల్కనీ, అంతే. పత్రికవాళ్లకి ఆ సంగతి నేను చెప్పలేదు. "నా తోట నుంచి" అనే శీర్షిక తోట లేనిదానికి ఎవరిస్తారు? మే నెలలో దీపాలు అమ్మేవాళ్లు నమూనాలు పంపారు. నాలుగు రకాలు బాల్కనీ కమ్మీకి తగిలించి రెండు సాయంత్రాలు చూశాను. మే నెలలో పొద్దు తొమ్మిదిన్నర దాటితే గానీ గుంకదు. ఏ దీపమైనా వెలుగుతుంది. మిగతావి పెట్టెల్లోంచి తియ్యలేదు కూడా. పెట్టెల మీద ఉన్నది చదివి రాశాను. "ఏడాది పొడుగునా నమ్మదగినది" అన్న మాట నాది కాదు, వాళ్ల పెట్టె మీదిదే.

అన్నయ్య పుట్టినరోజుకి పంపిన పన్నెండూ వ్యాసం వచ్చాక వాళ్లు కృతజ్ఞతగా పంపినవి. నేను ఎంచుకుని కొన్నవి కావు. కాగితం మాత్రం నేను చుట్టాను.

ఇదంతా సోమరితనం అని సరిపెట్టుకోవచ్చు. తర్వాతిది సరిపెట్టుకోలేను. ఆగస్టులో నీ ఉత్తరం వచ్చినప్పుడు, ఉత్తరం వైపు నీడలో వెలుగుతాయా అని నువ్వు అడిగినప్పుడు, నాకు నిజంగా తెలియదు. అందుకని నా దగ్గరున్న నమూనా పెట్టెలోంచి కరపత్రం తీసి మొదటిసారి చదివాను. అడుగున సన్నటి అక్షరాల్లో ఉంది. రోజంతా నేరుగా ఎండ తగిలే చోట పెట్టాలి, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెలగకపోవచ్చు. చదివాను వదినా. చదివి, దాన్ని మడిచి లోపల పెట్టి, నీకు ఆ ఉత్తరం రాశాను. గొడుగుల మీద జోకు వేసి, ప్రెబెన్‌ని అనుమానించి, మనుషులకే వెలుగు తగ్గుతుందని ముచ్చటగా రాశాను. ఒక్క వాక్యం రాస్తే పోయేది, "ప్రెబెన్ చెప్పింది నిజం, కేబుల్ వేయించు" అని. ఆ వాక్యం అన్నయ్య చదువుతాడని నాకు తెలుసు. ఫ్రిజ్ మీద కాగితం ముందు నిలబడి ఆయన ముఖం ఎలా అవుతుందో కనబడింది. అందుకని రాయలేదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు నేను బడిలో రాసిన వ్యాసాన్ని ఆయన పడవలోకి తీసుకెళ్లి అందరికీ చదివి వినిపించాడు. తడిసి ముద్దయిన ఆ కాగితం ఇంటికి తెచ్చి, "వాళ్లందరికీ నచ్చింది" అన్నాడు. ఆ మనిషికి నేనిచ్చింది ఇది.

ఆయనకి నేనే చెప్తాను. కానీ ముందు నీకు చెప్పాలి, అడిగింది నువ్వు.

ఆస్త


స్టెన్‌బ్యెర్గ్,
25 జనవరి

ఆస్తా,

నీకు జవాబుగా రెండు ఉత్తరాలు రాసి పొయ్యిలో వేశాను. రెండింట్లోనూ నిన్ను తిట్టాను. ఎంత బాగా తిట్టానంటే, చదువుకుంటే నాకే హాయిగా ఉంది. ఆ హాయి చూసే కాల్చేశాను.

మీ అన్నయ్య ఇంటికొచ్చాడు. నెమ్ము పోయింది. చక్రాల చట్రం పట్టుకుని వంటింటి దాకా నడుస్తాడు, మళ్లీ పడుకుంటాడు. పదిహేను కిలోలు తగ్గాడు. చొక్కా ఇంకెవరిదో తొడుక్కున్నట్టుంది.

నువ్వు దొంగనని రాశావు. మరి నేను ఎవర్ని?

నవంబరు నడిమికే దీపాలు ఆరిపోవడం మొదలైంది. నేను వంటింటి కిటికీలోంచి రోజూ చూశాను. మొదట పైమెట్టు దగ్గరవి, తర్వాత మధ్యవి. నెలాఖరుకి ఇంటి నీడ దాటిన చివరి రెండే వెలిగేవి, అవీ పావుగంట. ఆయన కంచె మీద చెయ్యి పెట్టి తడుముకుంటూ దిగేవాడు. "ఇవాళ బాగా మబ్బు పట్టింది కదా" అనేవాడు. నేను "అవును, మబ్బే" అనేదాన్ని. వంటింటి సొరుగులో టార్చిలైటు ఉంది. తీసి ఆయన చేతికి ఇవ్వలేదు. డిసెంబరు మొదటి వారంలో ప్రెబెన్ ఫోన్ చేశాడు, "శనివారం ఖాళీగా ఉన్నాను, వచ్చి కేబుల్ వేసిపోనా?" అని. "అక్కర్లేదు, మాకు చాలా మంచి దీపాలున్నాయి" అన్నాను. అలా అంటుంటే నాకెంత సంతోషం వేసిందో నీకు చెప్పలేను.

ఎందుకంటే ఆయన తనంతట తాను వచ్చి "నువ్వు చెప్పిందే నిజం డాగ్నీ" అనాలి. నేను అడగకుండా, గుర్తుచెయ్యకుండా ఆయనే అనాలి. నలభై ఏళ్ల కాపురంలో మా చెల్లెలు రాసింది, మా చెల్లెలు అంది అని వింటూనే ఉన్నాను. నా పెళ్లి ఫొటో సొరుగులో ఉంది, నీ వ్యాసం ఫ్రిజ్ మీద ఉంది. ఇంకో వారం, ఇంకో వారం అని ఎదురుచూశాను. చీకటి నా పక్షాన ఉందనుకున్నాను.

ఆ గురువారం నేను చప్పుడు విన్నాను.

నీకు రాసినప్పుడు వంటింట్లో ఉన్నానని మాత్రం రాశాను. కిటికీ కాస్త తెరిచే ఉంది, చేపలు వేయిస్తున్నాను. ఏదో దొర్లిన చప్పుడు, ఇనుము రాతికి తగిలిన చప్పుడు. దీపాన్ని కోపంతో తన్నుంటాడు అనుకున్నాను. అమ్మయ్య, ఇవాళ ఒప్పుకుంటాడు అనుకుని నవ్వుకున్నాను. తలుపు తీసి చూడలేదు. ఆయన లోపలికొచ్చి ఆ మాట అనేటప్పుడు నేను పొయ్యి దగ్గర ఏమీ ఎరగనట్టు నిలబడి ఉండాలని బంగాళాదుంపలు కూడా తొక్క తీసుకుంటూ నిలబడ్డాను. నలభై నిమిషాలు ఆస్తా. చేపలు చల్లారిపోయాక గానీ నాకు భయం వెయ్యలేదు.

ఆయన నన్ను పిలిచాడట. గాలికి వినబడలేదు. వినబడి ఉంటే వెళ్లేదాన్ని, ఆ మాత్రం నమ్ము.

ఇది ఎవరికీ చెప్పలేదు. నీకెందుకు చెప్తున్నానో తెలియదు. నీకు సిగ్గంటే ఏమిటో ఇప్పుడు తెలుసు కాబట్టి కావచ్చు.

డాగ్ని


ఓర్‌హూస్,
20 ఫిబ్రవరి

వదినా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు దాటింది. నిన్ను ఓదార్చే అర్హత నాకు లేదు, తప్పుపట్టే అర్హత అసలే లేదు. నేను ఆ దీపాలు పంపకపోతే నీకు ఆ కిటికీ దగ్గర నిలబడే అవసరమే రాదు. అది తప్ప ఏం రాయాలో తోచలేదు.

సంపాదకురాలి గదిలోకి వెళ్లి అంతా చెప్పాను. తోట లేని సంగతితో మొదలుపెట్టాను. ఆమె చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూచుంది. "ఎంతకాలంగా?" అంది. "రెండేళ్లు" అన్నాను. "ఆపిల్ కొమ్మలు కత్తిరించడం మీద రాసింది?" "అదీ." "ఆస్తా, మా అమ్మ అది చదివి కొమ్మలు కత్తిరించింది" అంది. కోప్పడితే బాగుండేది.

మార్చి సంచికలో అర పేజీ ఇచ్చింది. నేను రాసిందే, ఒక్క అక్షరం మార్చకుండా. దానితో శీర్షిక ఆగిపోయింది. ఏప్రిల్ నుంచి నేను అక్షర దోషాలు దిద్దే గదిలో కూచుంటాను. ఆ పేజీ దీంతో పెడుతున్నాను. చీకటి నెలల్లో, నీడ పడే చోట, కాలు పెట్టే దారికి సోలార్ దీపం ఒక్కదాన్నే నమ్ముకోవద్దని రాశాను. కావాలంటే ప్యానెల్ విడిగా ఉండి, దాన్ని దక్షిణపు గోడకి బిగించుకోగలిగే రకం చూసుకోమన్నాను. ఈసారి ప్రెబెన్‌కి ఫోన్ చేసి అడిగి రాశాను. ఆయన చాలా మర్యాదగా మాట్లాడాడు. అది ఇంకా కష్టంగా ఉంది.

చివర్లో, కరపత్రం చదివి కూడా దాచానని, మా అన్నయ్య పడ్డాడని రాశాను. పేరు రాయలేదు.

ఆయన దగ్గరికి వచ్చి చెప్పాలనే బయలుదేరాను. టిక్కెట్టు కొని, రైల్వే స్టేషన్ దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. ఇదీ నీకు చెప్తున్నాను. కాబట్టి ఈ కాగితం నువ్వే ఆయనకివ్వు. నీ సంగతి నీది. నా నోటి నుంచి ఎప్పటికీ రాదు.

ఆస్త


స్టెన్‌బ్యెర్గ్,
29 మార్చి

ఆస్తా,

కాగితం ఇచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. నేను గిన్నెలు తోముతూ ఆయన వైపు వీపు పెట్టి నిలబడ్డాను. "దీన్ని రాయడానికి దానికి చాలా కష్టమై ఉంటుంది" అన్నాడు. కాసేపటికి, "కరపత్రం చదివి కూడా రాసిందా?" అన్నాడు. అవునన్నాను. లేచి, చట్రం తోసుకుంటూ వెళ్లి, ఫ్రిజ్ మీది పాత కాగితం తీశాడు. చింపలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ చేతులు చూస్తే నాకు మనసాగలేదు. నువ్వు ఒక్కదానివే ఆ తప్పు మోస్తున్నావు, నేను తుడిచిన గిన్నెనే మళ్లీ తుడుస్తున్నాను.

చెప్పేశాను. టార్చిలైటు, ప్రెబెన్ ఫోను, చప్పుడు, నవ్వు. అన్నీ.

మూడు రోజులు పిలిస్తే భోజనానికొచ్చేవాడు, తినేవాడు, పళ్లెం తనే సింకులో పెట్టేవాడు. నాలుగో రోజు ఉదయం కాఫీ పోస్తుంటే అన్నాడు.

"ఆ నెలంతా నువ్వు పాటలు పాడుకుంటూ తిరిగావు డాగ్నీ."

"అవును."

"నేను ముసలాణ్నయ్యాక కూడా నాతో సంతోషంగానే ఉన్నావనుకున్నాను."

తిట్టినా, చేతిలో కప్పు విసిరికొట్టినా ఇంత తగిలేది కాదు. నేను కాఫీ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆయనే చెయ్యి చాపి గిన్నె తీసుకుని, రెండు కప్పుల్లోనూ పోశాడు.

నిన్న ప్రెబెన్ వచ్చి కేబుల్ వేశాడు. మెట్టుకో దీపం, నేల మట్టానికి. ఈసారి కాఫీ తాగి, కేకు కూడా తిన్నాడు. నీ పన్నెండూ పీకి షెడ్డులో పెట్టబోతుంటే మీ అన్నయ్య ఆపాడు. రెండింటిని ముందు తోటలో, ఎండ పడే చోట పెట్టమన్నాడు, వేసవికి. మిగతావాటి బదులు మెట్ల కింద దారికి ఇంకేమైనా మంచివి చూడాలట. "ఏ రకం చూడమంటావు?" అని ప్రెబెన్ అడిగితే ఏమన్నాడో విను.

"నన్నడక్కు. డిసెంబర్లో నా చెల్లెల్ని పిలుస్తాను. అదీ, మా ఆవిడా ఆ మెట్ల మీద నిలబడి, చీకటి పడేదాకా చూసి, ఎంచుకుంటారు. నేను లోపల వెచ్చగా కూచుంటాను."

ప్రెబెన్ నవ్వాడు. ఆయన నవ్వలేదు. అది క్షమించడమో శిక్షించడమో నేను అడగలేదు.

కానీ డిసెంబరు చాలా దూరం ఆస్తా. ఈస్టర్‌కి వచ్చెయ్యి, స్టేషన్ నుంచి వెనక్కి తిరక్కు. ఆయన నిన్నటి నుంచి గేటు దాకా నడక మొదలుపెట్టాడు, పోస్టు బండి వచ్చే వేళకి. వెలుతురున్నా నాకు ఆ మెట్లు దిగబుద్ధి కావడం లేదు. పొగగదిలో డిసెంబరులో ఆయన కట్టిన చేపలు ఎండిపోతున్నాయి, ఆయన దిగలేడు, నేను తలుపు దాకా వెళ్లి వెనక్కి వస్తున్నాను. నువ్వొస్తే ఇద్దరం కలిసి దిగుదాం.

వదిన